వంజరం వేటకి కొన్న 100 లీటర్ల ఐస్ బాక్స్, సీజన్ ఆఖరి వేట దాకా వాడి రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఈ బాక్స్ నా డబ్బులు పెట్టి కొన్నది, ఎవరూ ఊరికే ఇయ్యలా, రాయమని ఎవరూ అడగలా. మా అక్కావాళ్ళది నెల్లూరు జిల్లా మైపాడు పక్కన ఒక పాళెం, చేపలోళ్ళ ఊరు. మా బావకి సొంత ఫైబర్ బోటు ఉండాది, ఇంకో ముగ్గుర్ని కలుపుకొని వేటకి పోతాడు. నేను నెల్లూర్లో ఉద్యోగం చేసుకుంటా, సెలవొస్తే పాళెం పోతా, వాళ్ళు సరే అంటే బోటు కూడా ఎక్కుతా. జనవరి ఆఖర్లో కొన్నాం, ఏప్రిల్ 14 రాత్రి వేట ఆగిందాకా వాడినాం, తక్కువలో తక్కువ ముప్పై వేటలు తిరిగొచ్చింది. మా పాళెంలోనే నలుగురైదుగురు అడిగారు ఎట్టా ఉంది, కొనచ్చా అని, కృష్ణపట్నం దగ్గర్నుంచి ఒకాయన ఫోన్ కూడా చేశాడు, ఒక్కొక్కరికీ చెప్పేదానికన్నా ఒకసారి రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

కంపెనీ పేరు రాయడం లేదు, నాకు దాంతో ఒక ఇబ్బంది జరిగింది, అది కింద చెప్తా. అయినా ఇదే అచ్చులో పోసిన డబ్బాలు వేరే వేరే స్టిక్కర్లతో అమ్ముతున్నారు, కాబట్టి పేరుకన్నా ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

అసలు ఎందుకు కొన్నామంటే, అంతకు ముందు బావ వాడేది థర్మాకోల్ పెట్టె, పైన గోతం కుట్టి తాడుతో కట్టిందే. చలికాలంలో పని జరిగిపోయేది. సంక్రాంతి అయినాక ఒకరోజు ఎనిమిది వంజరాలు పడ్డాయి, 22 కేజీలు. ఆరోజు ఇంజన్ మొరాయించి ఒడ్డుకొచ్చేసరికి పొద్దున తొమ్మిదిన్నర దాటింది. పెట్టె మూత తీస్తే ఐస్ పలుకు లేదు, అడుగున ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళల్లో చేపలు నానిపోతా ఉండాయి. చేపలు కొనే ఏజెంటు వచ్చి ఒక వంజరం వీపు మీద బొటనవేలితో నొక్కాడు, గుంట పడింది, మళ్ళీ లేవలా. అంతే, ఇంకేం మాట్లాడలా. ఆరోజు మంచి సరుకు కేజీ 600 పోతా ఉంటే మాది 480కి వేలం పాట ఆగిపోయింది, లెక్కేసుకోండి, ఒక్క పొద్దున 2,640 రూపాయలు. రాత్రంతా నిద్ర లేకుండా వల లాగిన నలుగురి చేతుల్లోంచి పోయిన డబ్బది. మా అక్క ఆరోజు ఏం అనలా గానీ సాయంత్రం నాకు ఫోన్ చేసి, అబ్బయ్యా నెల్లూర్లో మంచి పెట్టెలు దొరుకుతాయంట కదా ఒకసారి చూడరాదా అని అడిగింది. ఆమె నన్ను ఏదన్నా అడగడమే అరుదు.

ఆ శనివారమే పోయా. వలలు, తాళ్ళు, బెండ్లు అమ్మే కొట్లో మూడు సైజులు చూపించారు, 50, 70, 100 లీటర్లు. నేను 100 తీసుకున్నా, 7,400 అయింది, బేరం ఆడితే 200 తగ్గించాడు, ఆటో మనమే పెట్టుకోవాలి. ఇక్కడ ఒక మాట, 100 లీటర్లు అంటే 100 కేజీల చేపలు పడతాయని అనుకోవద్దు, నేనూ అట్టానే అనుకున్నా. చేపకి సమానంగా ఐస్ వెయ్యాలి, మన ఎండలకి కేజీ చేపకి కేజీ ఐస్ అనేదే లెక్క, మధ్యలో సందులు పోతాయి, కాబట్టి 100 లీటర్లలో ఐస్‌తో కలిపి 35 కేజీల చేప సర్దితే బాగా సర్దినట్టు. ఒక బోటుకి ఒక రాత్రి వేటకి అది సరిపోతుంది. ఎప్పుడన్నా జాస్తి పడితే పాత థర్మాకోల్ పెట్టె కూడా తోడు ఉంటుంది, దాన్ని పారెయ్యలా.

కొట్లో చూడాల్సినవి చెప్తా. మూత చుట్టూ రబ్బరు ఉంటుంది, అది ఒక్క చోట కూడా ఎత్తుగా లేవకూడదు. నేను జేబులో ఉన్న పది రూపాయల నోటు అంచున పెట్టి మూత వేసి లాగి చూశా, నాలుగు వైపులా అట్టానే చూశా, మూడు వైపులా గట్టిగా పట్టుకుంది, గొళ్ళెం లేని వైపు ఊరికే జారిపోయింది, ఆ డబ్బా వద్దని ఇంకోటి తీయించా. కొట్టాయనకి కోపం వచ్చింది గానీ తీసిచ్చాడు. రెండోది లోపల వాసన చూడండి, కొత్త ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉంటే అది చేపకి పడుతుంది. మూడోది రంగు, నీలం రంగు డబ్బా చూడ్డానికి బాగుంటుంది, కానీ ఎండలో నీలానికీ తెలుపుకీ చెయ్యి పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది, తెల్లదే తీసుకోండి. నాలుగోది కింద నీళ్ళు పోయే బిరడా, దాని సంగతి తర్వాత.

పాళెం పంపించే ముందు మా ఇంటి మేడ మీద ఒక టెస్ట్ చేశా. ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ తెప్పించి కొట్టించి, కొత్త బాక్స్‌లో 20 కేజీలు, బావ పాత థర్మాకోల్ పెట్టెలో 20 కేజీలు కాటా వేసి పోశా, రెండూ మెట్ల గది నీడలో పెట్టా, మధ్యలో తెరవకుండా. పొద్దున ఎనిమిదికి పెట్టి మరుసటి రోజు ఎనిమిదికి నీళ్ళు వంపేసి తూచా. కొత్తదాంట్లో 13 కేజీలు మిగిలింది, పాతదాంట్లో 5 కేజీలు. అది కూడా జనవరి నెలలో. గోడల లోపల పఫ్ అనే గట్టి నురగ నింపి ఉంటుంది, ఫ్రిజ్ గోడల్లో ఉండేదే, థర్మాకోల్ కన్నా వేడిని బాగా ఆపుతుంది, పైగా నీళ్ళు పీల్చుకోదు. థర్మాకోల్ కొత్తగా ఉన్నప్పుడు పర్లేదు, ఆరు నెలలు ఉప్పునీళ్ళల్లో నానినాక లోపల తేమ చేరి బరువెక్కుతుంది, పగుళ్ళు వస్తాయి, అప్పట్నుంచి ఐస్ ఆగదు. మా పాత పెట్టె అదే స్థితిలో ఉంది కాబట్టి పోలిక కొంచెం దానికి అన్యాయమే, కానీ మన బోట్లల్లో ఉండేవన్నీ పాత పెట్టెలే కదా.

ఈ టెస్ట్ ఫోటో చూసి నాతో నెల్లూర్లో చదూకున్న ఒక ఫ్రెండ్, ఇప్పుడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు, ఒక వీడియో పంపించాడు. వాడు నిలబడింది ఒక సరస్సు మీద, కాళ్ళ కింద మొత్తం గడ్డకట్టిన ఐస్, దాంట్లో మిషన్ పెట్టి బొక్క తొలిచి ఆ బొక్కలోంచి గాలం వేసి లేక్ ట్రౌట్ అనే చేపని లాగుతున్నారు. లోతైన చల్లటి సరస్సుల్లో మాత్రమే బతికే చేప అంట, ఒళ్ళంతా లేత చుక్కలు, తోక నడిమిట్లో లోతుగా చీలి ఉంది. వాళ్ళకి శీతాకాలం ట్రౌట్ వేట మార్చి 31తో ఆఖరు, మనకి ఏప్రిల్ 14. ఆఖరి రోజులు దగ్గర పడేకొద్దీ వాళ్ళ ఐస్ మెత్తబడుతుంది, మందం ఉన్నా బలం ఉండదు, పైన చూస్తే గట్టిగానే కనిపిస్తుంది కానీ లోపల నిలువు పుల్లలు పుల్లలుగా విడిపోయి ఉంటుంది, అడుగడుక్కీ ఇనప గునపంతో పొడిచి చూసుకుంటా నడవాలి, మెడలో రెండు మేకుల పిడులు ఏలాడేసుకుంటారు, పడితే అవి ఐస్ అంచులో గుచ్చి పైకి పాకేదానికి. వాడి పక్కనే అచ్చం నా బాక్స్ లాంటి బాక్స్ ఉంది. ఏందిరా అంత ఐస్ మీద నిలబడి మళ్ళా ఐస్ బాక్స్ ఎందుకు అంటే, ఎరకి తెచ్చిన చిన్న చేపలు గడ్డకట్టకుండా ఉండేదానికి అన్నాడు. అప్పుడు నాకు బుర్రకెక్కింది, ఈ బాక్స్ దేన్నీ చల్లబరచదు, వేడి అటుదిటు ఇటుదటు పోకుండా ఆపుతుంది అంతే. లోపల చల్లదనం మనం వేసిన ఐస్‌దే. బాక్స్ కొన్నాం కదా అని ఐస్ తగ్గించేసి చేప మెత్తబడితే బాక్స్‌ని తిట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఫిబ్రవరి అంతా ఏ ఇబ్బందీ రాలా. బావ పెద్దగా మెచ్చుకునే మనిషి కాదు, ఎట్టుందిబావా అంటే పర్లేదులే అంటాడు, కానీ ఐస్ ఖర్చు తగ్గింది, ముందు ఒకటిముప్పావు దిమ్మ పట్టేది ఇప్పుడు ఒక దిమ్మలోపే అయిపోతా ఉంది అని అక్కతో చెప్పాడంట.

మార్చి రెండో వారంలో జరిగిందే నా బాధ. రాత్రి అలల మీద బాక్స్ ఊగి ఊగి అడుగున ఉన్న బిరడా వదులై ఊడిపోయింది, చీకట్లో ఎవరూ చూసుకోలా. చల్లటి నీళ్ళు మొత్తం కారిపోయి, ఆ బొక్కలోంచి బోటు అడుగున ఉండే డీజిలు కలిసిన మురికి నీళ్ళు అల కొట్టినప్పుడల్లా లోపలికి చిందాయి. అడుగు వరసలో ఉన్న పార చేపలు, రెండు వంజరాలు డీజిలు వాసన పట్టేశాయి. ఒక్క చుక్క చాలు డీజిలు, చేపని నిమ్మకాయతో కడిగినా పసుపుతో కడిగినా పోదు. ఆ సరుకు పాటకే పెట్టలా బావ, ఇసకలో పూడ్చిపెట్టించాడు, తెలిసి తెలిసి ఇంకొకడి ఇంటికి ఎట్టా పంపిస్తాం అన్నాడు. పైన ఉన్నవి బాగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

బిరడా తీసి చూస్తే మరలు సగం దాకానే ఉన్నాయి, లోపల రబ్బరు వాషర్ అసలు వెయ్యనే లేదు. కొట్టుకి పోతే ఆయన మాకు సంబంధం లేదు కంపెనీకి ఫోన్ చేసుకోండి అన్నాడు, కంపెనీ నంబరుకి చేస్తే ఫోటోలు పంపించమన్నారు, పంపించా, బిల్లు పంపించమన్నారు, పంపించా, తర్వాత పదిహేను రోజులు ఒక మాట లేదు, మళ్ళీ చేస్తే బిరడా విడిగా రాదు, వారంటీ గోడలకీ మూతకీ మాత్రమే అన్నారు. 7,200 పెట్టి కొన్న వస్తువుకి ఒక వాషర్ వెయ్యలేరా, ఒక బిరడా పంపలేరా. చేపలోళ్ళు కదా ఏం అడుగుతారులే అనే ధోరణి నాకు ఆ గొంతులో వినపడింది, అదే జాస్తి బాధ అనిపించింది. పడవ మీద ఆ చిన్న బిరడా మీదే ఒక రాత్రి కష్టం ఆధారపడి ఉంటుందని తయారుచేసేవాళ్ళకి తెలియాలి.

చివరికి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక ప్లంబింగ్ సామాను కొట్లో పని అయింది. బాక్స్‌నే ఆటోలో తీసుకెళ్ళా. ఆయన చూసి, ఇది పైపు మరే, దీనికి గట్టి డమ్మీ, అంటే పైపు నోరు మూసే బిరడా, దొరుకుతుంది అని ఒకటి తీసి, లోపల మందం వాషర్ వేసి, మరల మీద టెఫ్లాన్ టేపు ఏడెనిమిది చుట్లు చుట్టి బిగించాడు, మొత్తం 60 రూపాయలు. డమ్మీ తలకి చిన్న బొక్క వేయించి నైలాన్ దారంతో బాక్స్ హ్యాండిల్‌కి కట్టేశాం, వదులైనా సముద్రంలో పడిపోదు. అప్పట్నుంచి ఒక్క చుక్క కారలా. మీరు ఏ కంపెనీది కొన్నా సరే ఇంటికి రాగానే మొదట ఈ పని చేయించుకోండి, నీళ్ళు నింపి ఒక రాత్రి పొడి నేల మీద పెట్టి కింద తడి అయిందేమో చూసుకొని ఆ తర్వాతే బోటెక్కించండి.

ఇంక ఆఖరి రోజుల వేట సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో ఇంజన్ బోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ముందు ఇంతకన్నా తక్కువ రోజులే ఉండేది, 61 చేశారు. ఆ రెండు నెలలకి గవర్నమెంటు ఇచ్చేది 2025 నుంచి 20 వేలు అయింది, అంతకు ముందు 10 వేలు, అది కూడా అర్హత లిస్టులో పేరుండాల. నలుగురున్న ఇంటికి 61 రోజులంటే అది ఏ మూలకి సరిపోద్ది, అందుకే ఏప్రిల్ మొదటి రెండు వారాలు పాళెంలో ఎవరి కంటి మీదా కునుకుండదు, ఆ రెండు వారాల్లో వచ్చిందే వేసంకాలం అంతా తినాలి, అప్పు వడ్డీ కట్టాలి, బడులు తెరిచేనాటికి పిల్లోళ్ళ పుస్తకాలు కొనాలి. అదే టైంలో ఎండలు మండిపోతాయి, దక్షిణపు గాలి లేచి తిరుగు ప్రయాణం ఆలస్యం అవుతుంది. అంటే డబ్బు జాస్తి అవసరమైన రోజుల్లోనే ఐస్ తొందరగా కరిగిపోద్ది. ఈ బాక్స్‌కి అసలు పరీక్ష అదే, ఫిబ్రవరిలో బాగుందంటే నేను దాన్ని బాగున్నట్టు లెక్కపెట్టను.

ఏప్రిల్ 12 మధ్యాహ్నం నేను కూడా బోటెక్కా. రెండు గంటలకి ఐస్ బండి వచ్చింది. బావ చేసే ఒక పని మాత్రం చూసి నేర్చుకున్నా, ఐస్ పోసే గంట ముందే నాలుగు ముక్కలు ఐస్ బాక్స్‌లో వేసి మూత వేసి నీడలో పెట్టాడు, లోపల గోడలు ముందే చల్లబడేదానికి, ఎండలో కాగిన బాక్స్‌లో ఐస్ పోస్తే మొదటి కొన్ని కేజీలు గోడలే తాగేస్తాయి అన్నాడు. తర్వాత కొట్టిన ఐస్ 35 కేజీలు పోశాం, పైన తడిపిన గోతం నాలుగు మడతలు వేసి కట్టాం. నాలుగింటికి బయల్దేరాం, గంటన్నర పోయినాక వల వదలడం మొదలుపెట్టారు, అది అయ్యేసరికి చీకటి పడింది. అన్నం తిని పడుకున్నాం, నేను పడుకోలా, ఇదే ఈ ఏడాది ఆఖరికి ముందు వేట అని వాళ్ళు మాట్లాడుకుంటా ఉంటే వింటా కూర్చున్నా. వాళ్ళల్లో పెద్దాయన్ని అందరం మామా అంటాం, ఆయన మొత్తం వల వైపే చూస్తా ఉన్నాడు.

రెండున్నరకి లాగడం మొదలైంది. మొదటి వంజరం పైకొచ్చినప్పుడు టార్చి వెలుగులో చూశా, వీపు నీలం, పక్కలు వెండి, ఒంటి మీద అడ్డంగా బూడిదరంగు చారలు, కన్ను గాజులాగా. ఇంకా కొట్టుకుంటా ఉంది. మామ చెవి రెక్క ఎత్తి మొప్పల దగ్గర కత్తితో ఒక గాటు పెట్టి తల కిందకి పట్టుకున్నాడు, రక్తం మొత్తం కారిపోయిందాకా ఆగి, ఉప్పునీళ్ళతో ఒకసారి కడిగి బాక్స్ దగ్గరికి తోశాడు. నా పని మూత. చేప వచ్చినప్పుడు తియ్యడం, పడినాక వెంటనే వెయ్యడం, అంతే, కానీ ఆ పని సరిగ్గా చెయ్యకపోతే అరవై వేల బాక్స్ అయినా దండగే. కింద ఐస్ పరుపు, దాని మీద చేపలు ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో ఐస్, పైన మళ్ళీ ఐస్. చేప మీద చేప నేరుగా పడితే ఆ తగిలిన చోట చల్లదనం చేరదు, పొద్దునకి అక్కడే మెత్తబడుతుంది. కానాగంతలు అనే చిన్న చేపలు పడ్డప్పుడు ఒక బకెట్లో ఐస్, సముద్రపు నీళ్ళు కలిపి దాంట్లో ముంచి పది నిమిషాలు ఉంచి అప్పుడు బాక్స్‌లో వేశారు, చిన్న చేపలకి అదే మంచిది, ఐస్ నీళ్ళు అన్ని వైపులా తగిలి తొందరగా లోపలిదాకా చల్లబడతాయి.

కానాగంత, వంజరం, ట్యూనా, ఈ జాతి చేపల విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి, వేడిలో కొన్ని గంటలుంటే వాటి మాంసంలో హిస్టమిన్ అనేది తయారవుతుంది, తింటే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. ఒకసారి తయారైనాక మళ్ళీ ఐస్‌లో పెట్టినా, ఎంత ఉడికించినా పోదు. చాలామంది చేప ఒంటికి పడలేదు అనుకుంటారు కానీ అది ఐస్ ఆలస్యంగా పడ్డ చేప.

మొత్తం తొమ్మిది వంజరాలు, 26 కేజీలు, పారలూ కానాగంతలూ కలిపి ఇంకో 8 కేజీలు. గాలికి ఎదురొచ్చి ఒడ్డు తగిలేసరికి ఎనిమిదిన్నర, ఎండ అప్పటికే నెత్తి మీద మండుతా ఉంది. నలుగురం బాక్స్‌ని అట్టాగే మోసుకొచ్చి ఇసకలో దించాం. ఏజెంటు రాగానే బావ మూత తీశాడు, లోపల్నుంచి తెల్లటి ఆవిరి లేచింది, పైన ఐస్ ఇంకా పలుకులు పలుకులుగా ఉంది, చేత్తో తోడితే కానీ చేప కనపడలా. ఆయన అదే బొటనవేలితో నొక్కాడు, గుంట పడలా, వేలికిందే మళ్ళీ బిగుసుకుంది. మొప్ప ఎత్తి చూశాడు, గాటు పెట్టినా లోపల ఎరుపు ఎరుపుగానే ఉంది. పాట 560 దగ్గర మొదలై 650కి కొట్టేశారు. మా అక్క నా పక్కనే నిలబడి ఉంది, ఏం మాట్లాడలా, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని బాక్స్ వైపు చూసింది. నాకు అంతకన్నా రేటింగ్ అవసరం లేదు.

చేపలు తీసినాక మిగిలిన ఐస్ కాటా వేయించా, 14 కేజీలు. ఎట్టా ఖర్చయిందో లెక్క చెప్తా, ఎవరికన్నా పనికొస్తుంది. ఒక కేజీ ఐస్ కరిగితే 80 కిలో కేలరీల వేడి తాగుతుంది. 34 కేజీల చేపని సముద్రపు వేడి నుంచి ఐస్ చల్లదనం దాకా దించడానికి దగ్గర దగ్గర 10 కేజీల ఐస్ చాలు. గోడల్లోంచి లోపలికి వచ్చే వేడికి ఇంకో ఐదారు కేజీలు. మిగతాది మూత తీసినప్పుడల్లా పోయింది. అంటే కరిగిన ఐస్‌లో చేప తాగేది దగ్గర దగ్గర సగమే, మిగతా సగం ఎండా గాలీ తాగేదే, ఈ బాక్స్ ఆపేది ఆ రెండోదాన్నే. థర్మాకోల్ పెట్టెలో అయితే అదే వేటకి 60 కేజీలు పైన తీసుకుపోయి ఖాళీ చేతుల్తో వచ్చేవాళ్ళు.

ఇంక లోపాలు, బిరడా కాకుండా. లోపలి పొడవు చాలదు. నాలుగు కేజీలు దాటిన వంజరం నిటారుగా పట్టదు, తోక మడవాలి, మడిస్తే తోక దగ్గర మాంసం చిట్లుతుంది, పాటలో దానికీ ఒక మాట అంటారు. మీకు పెద్ద వంజరాలు పడే వల అయితే లీటర్లు కాదు పొడవు కొలుచుకొని కొనండి, కొట్టుకి పోయేటప్పుడు టేపు తీసుకుపోండి. పక్కన తాడు హ్యాండిళ్ళు చెయ్యి కోసేస్తాయి, నిండు బాక్స్ 70 కేజీలు దాటుతుంది, ఆ సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకొని ఇసకలో నడిస్తే అరచేతులు ఎర్రగా కందిపోతాయి, మేం సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం. మూత గొళ్ళేలకి ఉన్న రబ్బరు బెల్టుల్లో ఒకటి ఉప్పుకి అప్పుడే పగుళ్ళు పట్టింది, ఇంకో సీజన్ వస్తుందని నేను అనుకోవడం లేదు. మూత మీద కూర్చోవచ్చని కొట్లో చెప్పారు, అది మాత్రం నిజమే, ముగ్గురు కూర్చున్నా వంగలా.

కడగడం తేలిక. లోపల మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పొలుసు ఇరుక్కోదు. వచ్చిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, కొంచెం బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, మళ్ళీ కడిగి, మూత తెరిచి ఆరబెట్టాలి. ఒకరోజు బద్ధకించి మూతేసి పెట్టారు, మరుసటి రోజు తెరిస్తే ఆ వాసనకి దగ్గరికి పోలేకపోయాం, రెండు రోజులు ఎండలో పెడితే గానీ పోలా.

కొనచ్చా అంటే, రాత్రికి పోయి పొద్దునకి వచ్చే ఫైబర్ బోటుకి తప్పకుండా కొనచ్చు, ఈ ధరకి మాకు రెండు నెలల్లోనే తిరిగొచ్చేసింది. రెండు మూడు రోజులు ఉండే పెద్ద బోట్లకి ఇది సరిపోదు. చెరువుల్లో, సోమశిల, కండలేరు డ్యాముల వైపు గాలం వేసుకునేవాళ్ళకి, ఇంటికి చేపలు తెచ్చుకునేవాళ్ళకి 50 లీటర్లదే మంచిది, 100 కొని సగం ఖాళీగా పెడితే ఐస్ తొందరగా కరిగిపోద్ది, ఒకవేళ ఖాళీ ఉంటే గోతాలు గానీ ముందే చల్లబెట్టిన నీళ్ళ సీసాలు గానీ పెట్టి నింపండి. తయారుచేసేవాళ్ళ సర్వీస్‌కి నేను సున్నా ఇస్తా, వస్తువుకి ఐదుకి నాలుగు ఇస్తా, ఆ తగ్గిన ఒకటి బిరడాకే.

ఆరోజు ఒక పార చేప, రెండు కానాగంతలు పాటకి పెట్టకుండా అక్క ఇంటికి తీసుకుపోయింది. చెట్టు మీద పుల్ల మామిడికాయలు కోసి మట్టి దాకలో పులుసు పెట్టింది. రాత్రి తినలా మేము, మరుసటి రోజు పొద్దున తిన్నాం, అప్పటికి పులుపు ముక్కకి పట్టి ఉంది, కానాగంత ముక్క వేలితో తీస్తే విరగకుండా మొత్తంగా వచ్చింది.

ఇప్పుడు బోటు ఇసకలో బోర్లేసి ఉంది, బావా మామా వలలు బాగు చేసుకుంటా ఉన్నారు. బాక్స్ మా అక్కావాళ్ళ వరండాలో మూత మధ్యలో పుల్ల పెట్టి తెరిచి ఉంది. బెల్టులు రెండూ మారుద్దామని కొలత తీసుకొచ్చా, జూన్ 14 లోపల ఎక్కడ దొరికినాయో, ఎంత అయిందో కూడా ఇక్కడే రాస్తా.